గిరీశం మోసగాడని ఎక్కడుంది?

"గిరీశం మోసగాడు, మాటకారి, అవకాశవాది." గురజాడ నాటకం కన్యాశుల్కం తరగతిలో చెప్పాక గిరీశం పాత్ర చిత్రణ రాయమంటే ఎక్కువ పేపర్లలో కనిపించేవి ఈ మూడు మాటలే. తప్పేం కాదు. కానీ అవి నాటకంలోంచి వచ్చాయో, గైడులోంచి వచ్చాయో పేపరు చూస్తే తెలియదు. "ఎక్కడుంది?" అని అడిగితే వేలు పెట్టి చూపించగలగాలి. ముందు నేర్పాల్సింది అది.

నాటకం మొత్తం ముందేసుకోవద్దు. మొదటి అంకం మొదట్లో, బొంకులదిబ్బ దగ్గర గిరీశం తనలో తాను మాట్లాడుకునే తొలి ఐదారు వాక్యాలు ఒక పీరియడ్‌కి చాలు. రెండుసార్లు పైకి చదివించి, నోట్‌బుక్‌లో మూడు గడులు గీయించండి: మాట, దాన్నిబట్టి ఏం తెలుస్తోంది, ఎందుకలా అంటున్నాను. మొదటి గడిలో పది మాటలు మించనివ్వకండి. పేరా అంతా ఎక్కించాడంటే అందులో ఏ మాట సాక్ష్యమో వాడికే తెలియదన్నమాట.

మూడో గడి దగ్గరే అందరూ ఆగిపోతారు. పూటకూళ్లమ్మకు (డబ్బు తీసుకుని భోజనం పెట్టే ఆవిడకు) సంతలో సామాను కొనిపెడతానని నెల కిందట ఇరవై రూపాయలు పట్టుకెళ్లి డాన్సింగ్ గర్ల్ కింద ఖర్చు పెట్టానంటాడు గిరీశం. "కాబట్టి మోసగాడు" అని రాసేస్తారు. అది రెండో గడినే మళ్లీ రాయడం. అప్పుడు విడివిడిగా అడగాలి. ఎవరితో చెబుతున్నాడు? ఎవరూ లేరు, అంటే బొంకాల్సిన పని లేదు. ఏం గుర్తుంది? ఎంత, ఎప్పుడు, ఏ సాకు చెప్పాడు, అన్నీ. ఏ మాట లేదు? "పాపం" అని గానీ, "తిరిగిచ్చేయాలి" అని గానీ అక్కడ లేదు. పైగా ఆ వెంటనే ఆవిడ మీదే కోపం. ఇప్పుడు పిల్లల వాక్యం ఇలా మారుతుంది: "చేసిన మోసం లెక్కతో సహా గుర్తున్నా సిగ్గుపడడు, ఎదురుతిరిగిన మనిషి మీదే కోపం తెచ్చుకుంటాడు." ఇది ఏ గైడూ ఇచ్చిన వాక్యం కాదు.

ఒంటరిగా అన్న మాటకీ, ఒకరి ముందు అన్న మాటకీ తూకం ఒకటి కాదు. తనతో మాట్లాడడమే ఒక ఎడ్యుకేషన్ అని వెంకటేశంతో అంటాడు. అది శిష్యుడి ముందు కొట్టే డాబు. దాన్ని పట్టుకుని "గొప్ప విద్యావంతుడు" అని రాస్తారు. మాట పక్కన "ఎవరితో" అని కూడా రాయిస్తే ఈ పొరపాటు చాలావరకు తగ్గుతుంది.

పేజీ నంబరు ఒక్కటే సరిపోదు, ముద్రణ మారితే అదీ మారుతుంది. అంకం, స్థలం రాయించండి. 1897 ప్రతికీ, బాగా పెంచి తిరగరాసిన 1909 ప్రతికీ చాలా తేడా ఉంది కాబట్టి తరగతంతా ఒకే ప్రతి చదవాలి. 1955 సినిమాలో చూసింది సాక్ష్యంగా ఒప్పుకోకండి.

రెండో రోజు నాటకం చివర గిరీశం అనే మాట తీయించండి: "డామిట్! కథ అడ్డంగా తిరిగింది." అన్నీ బయటపడ్డాక కూడా అతనికి అడ్డం తిరిగింది కథే, తన తప్పు కాదు. మొదటి రోజు వాక్యం పక్కన ఇది పెడితే పాత్ర మారిందా లేదా అన్న చర్చ దానంతటదే మొదలవుతుంది.

ఆ తర్వాత తమ వాక్యానికి ఎదురు సాక్ష్యం వెతకమనండి. అతను వలలో వేసుకోవాలని చూసే యువ వితంతువు బుచ్చమ్మతో మాట్లాడే చోట్లు చదివి, నిజమైన ఇష్టం ఉందనిపించే మాట ఒక్కటి కనిపించినా రాయాల్సిందే. దాన్ని దాచకుండా రాసిన పిల్లాడికి ఒక మార్కు ఎక్కువ వేయండి.