మా లైనక్స్ ల్యాప్‌టాప్‌కి రెండు కంట్రోలర్లు వెతికిన నెల

2024 మే నెలలో మా చెల్లెలి కొడుకు వేసవి సెలవులకి ఖమ్మం నుంచి తార్నాకలో ఉన్న మా ఇంటికొచ్చాడు. వాడికి పదకొండేళ్లు. వచ్చిన రోజు నుంచీ వాడికి ఒకటే కోరిక: టీవీకి కలిపి ఉన్న, విండోస్ బదులు లైనక్స్ నడిచే మా పాత ల్యాప్‌టాప్‌లో సూపర్‌టక్స్‌కార్ట్ ఆడాలి, అదీ నాతోనే ఆడాలి. ఉచితంగా దొరికే కార్ రేసు ఆట అది. తెరని రెండు భాగాలు చేసుకుని ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఆడొచ్చు. కానీ ఒకే కీబోర్డు మీద ఇద్దరం చేతులు పెడితే కుదరలేదు. మామూలు కీబోర్డులో మూడు నాలుగు కీలు ఒకేసారి నొక్కితే కొన్ని కలయికలు అసలు అందవు. వాడు మలుపు తిప్పినప్పుడల్లా నా బండి ఆగిపోయేది.

"మామయ్యా, నీ దగ్గర రిమోట్ ఉందన్నావు కదా, అది తియ్" అన్నాడు. నిజమే, ఏడాది క్రితం కొన్న గేమ్‌ప్యాడ్ ఒకటి బీరువాలో ఉంది. చూడటానికి అచ్చం ప్లేస్టేషన్ 4 తో వచ్చే డ్యూయల్‌షాక్ 4 కంట్రోలర్ లాగే ఉంటుంది, కానీ సోనీ చేసింది కాదు, నకలు. కొన్నప్పుడు చక్కగా పనిచేసింది. ఇప్పుడు వైరు పెడితే లైటు ఒకసారి వెలిగి ఆరిపోయింది. ఆటలో ఏ బటనూ కదల్లేదు. వైరు మార్చాను, పోర్టు మార్చాను. చార్జింగ్ అయితే ఎక్కుతోంది. పాడైపోయిందని పక్కన పెట్టేసేవాడినే, కానీ పిల్లాడి ముఖం చూసి ఇంకో గంట కూర్చున్నాను.

కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో డీమెసేజ్ అని కొట్టి, కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) రాసుకున్న సందేశాల్లో చివరి వరసలు చూశాను. కంట్రోలర్‌ని గుర్తించినట్టే ఉంది, వెంటనే దాని చిరునామా అడిగితే జవాబు రాలేదని, అందుకే వదిలేస్తున్నానని కెర్నల్ చెబుతోంది. అప్పుడు గుర్తొచ్చింది: ఏప్రిల్‌లో, మేం వాడే లైనక్స్ రకమైన మింట్ 21.3 లో అప్‌డేట్ మేనేజర్ చూపించిన కొత్త కెర్నల్ వేసుకున్నాను. 5.15 నుంచి 6.5 కి వచ్చాను. ల్యాప్‌టాప్ ఆపి, మొదలయ్యేటప్పుడు వచ్చే మెనూలో పాత 5.15 ఎంచుకుని తెరిచాను. ప్యాడ్ మళ్లీ ప్రాణం పోసుకుంది.

దీని వెనకున్న కారణం తెలుసుకున్నాకే కంట్రోలర్ల గురించి నా ఆలోచన మారింది. లైనక్స్‌లో డ్రైవర్ సీడీ అని ఏమీ ఉండదు, వస్తువులతో మాట్లాడే డ్రైవర్ ప్రోగ్రామ్‌లు చాలావరకు కెర్నల్‌లోనే ఉంటాయి. డ్యూయల్‌షాక్ 4 ని ముందు హిడ్-సోనీ అనే డ్రైవర్ చూసుకునేది. తర్వాత సోనీ కంపెనీయే హిడ్-ప్లేస్టేషన్ అనే కొత్త డ్రైవర్ రాసి ఇచ్చింది. 2021 లో కెర్నల్ 5.12 తో అందులో ప్లేస్టేషన్ 5 కంట్రోలర్ అయిన డ్యూయల్‌సెన్స్ వచ్చింది, 2023 లో 6.2 తో డ్యూయల్‌షాక్ 4 కూడా దాని కిందికి వెళ్లింది. కొత్త డ్రైవర్ అసలైన కంట్రోలర్ ఇవ్వాల్సిన వివరాలన్నీ అడుగుతుంది. నకలు చేసినవాళ్లు బటన్లు పనిచేసేంత వరకే చేశారు, మిగతా ప్రశ్నలకి జవాబు పెట్టలేదు. డ్రైవర్ తప్పు లేదు. నేను కొన్న వస్తువు ఎవరిలా కనిపించాలనుకుందో వాళ్లలా మాట్లాడలేకపోయింది.

ఆట ఆడటానికి ప్రతిసారీ పాత కెర్నల్‌లోకి వెళ్లడం నాకు ఇష్టం లేదు. బొమ్మ కార్లు నడపడం కోసం ఇలా కెర్నల్ మార్చుకుంటూ ఉండటం సరికాదనిపించింది. ఎలాగూ రెండు కావాలి కాబట్టి కొత్తవి కొందామనుకున్నాను.

అప్పుడు తొందరపడ్డాను. ఆన్‌లైన్‌లో ఒక వైర్‌లెస్ ప్యాడ్ తెప్పించాను. పీసీ, ఆండ్రాయిడ్, టీవీ అన్నింటికీ పనికొస్తుందని డబ్బా మీద ఉంది. దాంతో వచ్చిన చిన్న యూఎస్‌బీ ముక్క, అంటే డాంగిల్, పెట్టి ఒక రేసింగ్ గేమ్ తెరిస్తే ఎవరూ ముట్టుకోకుండానే కారు ముందుకి కదిలిపోతోంది. కుడి స్టిక్ తిప్పితే బ్రేకు పడుతోంది. పిల్లాడు "దయ్యం పట్టిందా మామయ్యా" అని నవ్వాడు, నాకు మాత్రం మళ్లీ డబ్బులు పోయాయన్న టెన్షన్.

ఇవ్‌టెస్ట్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది. ఏ బటన్ నొక్కితే ఏ సంకేతం వస్తోందో వరసగా చూపిస్తుంది. దాంతో చూస్తే విషయం తేలింది. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ పద్ధతిలో, అంటే ఎక్స్-ఇన్‌పుట్‌లో, ట్రిగ్గర్లు (చూపుడు వేళ్ల కింద ఉండే మీటలు) జెడ్, ఆర్‌జెడ్ అనే అక్షాల మీద ఉంటాయి. వదిలేసి ఉంటే సున్నా, పూర్తిగా నొక్కితే గరిష్ఠం. పాత పద్ధతి అయిన డి-ఇన్‌పుట్‌లో అవే రెండు అక్షాలు కుడి స్టిక్‌వి. స్టిక్ మధ్యలో నిలబడి ఉంటుంది కాబట్టి దాని విలువ సగం దగ్గర ఉంటుంది, 255 కి 128. ఎక్స్‌బాక్స్ పద్ధతి అనుకున్న ఆటకి అది ట్రిగ్గర్ సగం నొక్కి పట్టుకున్నట్టు కనిపిస్తుంది. అందుకే కారు తనంతట తాను పోతోంది.

ఆ ప్యాడ్ మధ్యలో ఉన్న హోమ్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లైట్ల వరస మారి ఎక్స్-ఇన్‌పుట్‌లోకి వెళ్తోంది. పెట్టిన యూఎస్‌బీ వస్తువుల గుర్తింపు నంబర్లు చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొడితే, మారకముందు ఒక నంబరు, మారాక 045ఈ:028ఈ అనే నంబరు. అది ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్ నంబరు. ఆ నంబరు కనబడగానే కెర్నల్‌లోని ఎక్స్‌ప్యాడ్ డ్రైవర్ దాన్ని తీసుకుంటుంది, ఆట కూడా సరిగ్గా నడిచింది. కానీ ఆపి తెరిచిన ప్రతిసారీ అది పాత పద్ధతిలోకే పోతోంది. ఆటలు కొని ఆడుకునే స్టీమ్‌ ప్రోగ్రామ్‌లోనో, ఏ బటన్ దేనికో చెప్పే ఎస్‌డీఎల్ మ్యాపింగ్ రాసుకునో ఆ పాత పద్ధతినే సర్దుకోవచ్చు. నాకు ఒక్కడికే అయితే ఆ పని చేసేవాడిని. నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఒక పిల్లవాడు తీసి ఆడుకోవాల్సిన వస్తువుకి ఇంత పని ఉండకూడదు. వాపసు ఇచ్చేశాను.

ఇక మూడోసారి మాత్రం కొనకముందే ఆలోచించాను. డబ్బా మీద ఏం రాశారన్నది కాదు, మా కెర్నల్‌లో ఉన్న ఏ డ్రైవర్‌తో ఇది మాట్లాడుతుంది అన్నదే అడగాలి. నాకు అర్థమైనంతలో నమ్మకంగా ఉన్న దారులు కొన్నే. వైరుతో గానీ డాంగిల్‌తో గానీ ఎక్స్‌ప్యాడ్ కిందికి వచ్చేవి ఒకటి. అసలైన సోనీ కంట్రోలర్లు ఇంకొకటి. నింటెండో స్విచ్ ప్రో కంట్రోలర్‌కి కెర్నల్ 5.16 నుంచి హిడ్-నింటెండో ఉంది, కాకపోతే అందులో ఏ, బీ బటన్ల స్థానాలు తారుమారుగా ఉంటాయి, తెర మీద చూపే బొమ్మకీ చేతికీ పొంతన కుదరక పిల్లాడు తికమకపడతాడని దాన్ని పక్కన పెట్టాను.

డ్యూయల్‌సెన్స్ విషయంలో మనసు బాగా లాగింది. మా ఆఫీసు మిత్రుడొకడు శని ఆదివారాలకి తనది ఇచ్చాడు. క్రియేట్ బటన్, పీఎస్ బటన్ కలిపి పట్టుకుంటే లైటు కొట్టుకోవడం మొదలైంది, బ్లూటూత్ జాబితాలో కనిపించింది, కలిసిపోయింది. బ్యాటరీ ఎంత ఉందో కూడా తెలిసింది. మధ్యలో ఉన్న టచ్‌ప్యాడ్ మీద వేలు పెడితే తెర మీద మౌస్ బాణం కదులుతోంది. వాడు ఆట కన్నా దానితోనే ఎక్కువసేపు ఆడాడు. ఒక కంపెనీ తన కంట్రోలర్‌కి తానే డ్రైవర్ రాసి కెర్నల్‌కి ఇస్తే ఎలా ఉంటుందో అప్పుడు చేతికి తెలిసింది. ఒక్కటే కావాలంటే కళ్లు మూసుకుని అదే కొనేవాడిని. రెండు కొనాలంటే నేను పెట్టుకున్న బడ్జెట్ దాటిపోతుంది.

ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌ని వైరుతో వాడితే ఏ ఇబ్బందీ లేదు. వైరు లేకుండా కావాలంటేనే లెక్కలు. బ్లూటూత్‌కి ఎక్స్‌ప్యాడ్‌నియో అని, మైక్రోసాఫ్ట్ డాంగిల్‌కి ఎక్స్‌వన్ అని, కెర్నల్ బయట వేరే డ్రైవర్లు ఉన్నాయి. కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా డీకేఎంఎస్ అనే ఏర్పాటు వాటిని మళ్లీ కట్టి పెడుతుంది. కంట్రోలర్ లోపలి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయాలంటే విండోస్ గానీ ఎక్స్‌బాక్స్ గానీ ఉండాలి. మా ఇంట్లో రెండూ లేవు. టీవీకీ సోఫాకీ మధ్య దూరం ఎనిమిది అడుగులే కాబట్టి, నా వరకు వైరే మేలు అని తేల్చుకున్నాను.

శనివారం ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని వాణ్ణి వెంటబెట్టుకుని సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లాను. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మొదటి రెండు షాపుల్లో పెట్టి చూస్తానంటే ఒప్పుకోలేదు. మూడో షాపతను "లైనక్స్‌లో నడుస్తదో లేదో నాకు తెల్వదన్నా, డెమో పీసులున్నయి, పెట్టి చూస్కో" అన్నాడు. కౌంటర్ మీద ల్యాప్‌టాప్ తెరిచి ఒక్కొక్కటే పెట్టాను. ముందు నంబరు చూడటం, తర్వాత ఇవ్‌టెస్ట్. ట్రిగ్గర్ మెల్లగా నొక్కితే విలువ మెల్లగా పెరగాలి. ఒక చవక ప్యాడ్‌లో సున్నా నుంచి ఒకేసారి పూర్తికి దూకింది, అంటే అది ట్రిగ్గర్ ఆకారంలో ఉన్న మామూలు బటన్. రేసింగ్ ఆటలో దాంతో సగం స్పీడు అనేది ఉండదు. ఇంకోదాంట్లో స్టిక్ వదిలేశాక కూడా మధ్యకి తిరిగి రాలేదు.

అప్పుడు షాపతను లోపల్నుంచి హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లున్న ప్యాడ్ తీశాడు. మామూలు స్టిక్ లోపల చిన్న పొటెన్షియోమీటర్లు ఉంటాయి, రాసుకుని రాసుకుని అరిగిపోతాయి, అప్పుడే మనం వదిలేసినా బొమ్మ పక్కకి జారుతూ ఉంటుంది. హాల్ ఎఫెక్ట్‌లో అయస్కాంతం కదలికని సెన్సర్ తాకకుండానే కొలుస్తుంది, అక్కడ రాపిడి లేదు. పిల్లలు వాడే వస్తువుకి ఇది చాలా ముఖ్యమని నా అభిప్రాయం. దాని డాంగిల్ పెట్టగానే, ఏ బటనూ నొక్కకుండానే, 045ఈ:028ఈ. ఆపి మళ్లీ తెరిచినా అదే. మూడుసార్లు చూశాను. మావాడు పక్కన నిలబడి ఆ నంబరు పైకి చదువుతున్నాడు. అది ఒకటి, వైరు పెట్టుకుని వాడటానికి ఎక్స్‌బాక్స్ సిరీస్ కంట్రోలర్ ఒకటి తీసుకున్నాం. ఎక్స్‌బాక్స్‌ది ట్రిగ్గర్ విలువ 1023 దాకా వెళ్తుంది, పాత 360 పద్ధతిలో 255 దాకానే. వేలికి ఆ తేడా తెలుస్తుందని నేను అనను, కానీ చూస్తే సంతోషం వేసింది.

ఇంటికొచ్చాక ఒక్క చిక్కు మిగిలింది. సూపర్‌టక్స్‌కార్ట్‌లో రెండూ వెంటనే పనిచేశాయి. స్టీమ్‌లో మాత్రం కంట్రోలర్ కనిపిస్తోంది, ఆటలోకి అందడం లేదు. నేను స్టీమ్‌ని ఫ్లాట్‌ప్యాక్‌గా, అంటే మిగతా సిస్టమ్ నుంచి విడిగా ఉండే ప్యాకేజీగా వేసుకున్నాను. స్టీమ్ మన కంట్రోలర్‌ని చదివి, ఆటకి ఒక ఊహా ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌ని తయారుచేసి చూపిస్తుంది. దానికి సిస్టమ్ అనుమతి కావాలి, ఆ అనుమతి నియమాలు ఫ్లాట్‌ప్యాక్ తనతో తెచ్చుకోలేదు. మింట్‌లో స్టీమ్-డివైసెస్ అనే ప్యాకేజీ విడిగా వేసి ఒకసారి రీస్టార్ట్ చేస్తే సరిపోయింది. విండోస్ ఆటల్ని లైనక్స్‌లో నడిపించే స్టీమ్ సాధనం ప్రోటాన్ మీద నడిచే ఆటలు కూడా ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌నే ఆశిస్తాయి కాబట్టి వాటిలో ఇంక ఏ సెట్టింగూ మార్చాల్సిన అవసరం రాలేదు.

సెలవులు అయిపోయే దాకా రోజూ రాత్రి భోజనాలయ్యాక ఆడాం. వాడు డాంగిల్ ప్యాడ్, నేను వైరుది. జూన్‌లో వెళ్లిపోయాడు. మొన్న ఫోన్ చేశాడు. వాళ్ల నాన్న పాత డెస్క్‌టాప్‌లో మింట్ వేశారట, ఎవరో స్నేహితుడి కంట్రోలర్ తెచ్చుకున్నాడట. "మామయ్యా, ముందు నంబరు చదువుతా రాసుకో" అన్నాడు. సున్నా, నాలుగు, ఐదు, ఈ.