మధ్యాహ్నం మూడింటికి కత్తెర పట్టను

కిందటేడు అక్టోబర్ వానల తర్వాత నాకు డెంగీ వచ్చింది. ఐదో రోజు జ్వరం దిగింది. హమ్మయ్య అనుకుని నర్సింగ్ హోమ్ మంచం మీదే కుట్టాల్సిన బ్లౌజులు లెక్కేసుకున్నాను. డెంగీలో జ్వరం దిగే సమయంలోనే అసలు గండం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఆ రాత్రి రెండింటికి కడుపులో ఒకటే నొప్పి. వాంతులు ఆగలేదు. ఉమ్మితే చిగుళ్ల రక్తం. ప్లేట్‌లెట్లు 18 వేలు, లక్షన్నరకు తగ్గకూడదట. డ్యూటీలో ఉన్నాయన ఫైలు మూసి మా ఆయనతో, "రుయా పెద్దాసుపత్రికి తీసుకుపోండి. ఇక్కడ ఏమన్నా అయితే మాకు తలనొప్పి" అన్నాడు. నేను వింటున్నానన్న ధ్యాస కూడా లేదు. ఆ గొంతు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. ఆటోలోంచి తిరుమల కొండ మీది లైట్లు కనిపిస్తే, బతికిస్తే నడిచి వస్తాను స్వామీ అని మొక్కుకున్నాను. అలిపిరి నుంచి 3,550 మెట్లన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

రుయాలో నాలుగు రోజులు, సెలైన్లు, పరీక్షలు. గంటగంటకూ బీపీ చూసిన నర్సమ్మకు రుణపడి ఉన్నాను. బొప్పాయి ఆకు రసం పట్టుకొచ్చిన చుట్టాలకు మాత్రం కాదు.

"కూర్చుని కుట్టే పనేగా" అన్నారు మా ఆయన. మూడో వారమే మిషన్ ముందు కూర్చున్నాను. మధ్యాహ్నం మూడింటికి ఒక పెళ్లికూతురి పట్టు బ్లౌజు కటింగ్. వెనక మెడకు పెట్టాల్సిన 8 అంగుళాల లోతు ముందు భాగానికి కత్తిరించేశాను. గుడ్డ డబ్బు కట్టి, తలుపేసుకుని ఏడ్చాను.

చెకప్‌లో డాక్టరమ్మ చెప్పింది: ఈ నీరసం వారాల తరబడి ఉండొచ్చు. పైగా మధ్యాహ్నం బుర్ర మందగించడం ఏ జబ్బూ లేనివాళ్లకూ ఉంటుంది, అన్నం తినకపోయినా సరే.

ఆ వారం నోటుబుక్కులో గంటగంటకూ రాసుకున్నాను, సూదిలో దారం ఎన్నోసారికి ఎక్కుతోందో. పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా ఒకేసారికి. రెండింటికి నాలుగైదు సార్లు. ఐదు దాటాక మళ్లీ నయం. ఇప్పుడు కటింగంతా పొద్దున్నే. మధ్యాహ్నం అరగంట నిద్ర, తర్వాత హుక్కులు, చీరల ఫాల్. సాయంత్రం మిషన్. పొద్దుటి వంట మా అత్తమ్మ తీసుకుంది, నేను అడక్కుండానే. టిఫిన్ ఆలస్యమని మా ఆయన సణుగుతారు. సణగనీ.

జ్వరం తగ్గిందని ఆసుపత్రి నుంచి వచ్చేయకండి. పారాసిటమాల్ తప్ప ఒళ్లునొప్పుల బిళ్లలు సొంతంగా మింగకండి.

మొక్కు ఇంకా బాకీ. ఆరింటికి మొదలుపెడితే నా ఓపిక ఉండగానే గాలిగోపురం దాటొచ్చని అత్తమ్మ లెక్క. ఆపైన కూర్చుంటూ కూర్చుంటూ పోవడమే.