దోహా కంటే అచ్ఛామే దూరం

మా నాన్న కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్‌కి వాచ్‌మన్. ఇరవై ఏళ్లుగా అక్కడందరూ ఆయన్ని బహదూర్ అనే పిలుస్తారు. ఆయన పేరు అది కాదు. నన్ను చిన్న బహదూర్ అనేవాళ్లు, నా పేరూ అది కాదు. మెట్ల కింద గదిలో పెరిగాను. సర్కారు బడిలో తెలుగు మీడియం. పద్యాలు అప్పజెప్పమంటే క్లాసులో ముందు లేచేది నేనే. ఇంట్లో మాత్రం మాది అచ్ఛామీ మాట, నేపాల్‌కి పడమటి కొస కొండల్లో మాట్లాడే యాస.

2002 ఫిబ్రవరిలో మావోయిస్టులు మా అచ్ఛామ్ జిల్లా కేంద్రం మంగల్‌సేన్ మీద దాడి చేశారు. వంద మందికి పైగా పోలీసులు, సైనికులు చనిపోయారు. నాన్న అప్పటికే హైదరాబాద్‌లో ఉన్నాడు. ఆ వేసవిలో అమ్మ నన్ను చంకనేసుకుని వచ్చేసింది. నేపాలీలు ఇండియా రావడానికి వీసా అక్కర్లేదు, పని చేసుకోవడానికి పర్మిట్ అక్కర్లేదు. 1950లో రెండు దేశాలూ రాసుకున్న ఒప్పందం అది. అందుకే ఇరవై ఏళ్లపాటు నాకు ఏ కాగితం అవసరమూ పడలేదు. ఆ సంగతి కతార్ వెళ్దామనుకున్న రోజున గానీ తెలిసి రాలేదు.

దోహాలో ఉన్న మా పెదనాన్న కొడుకు ఫోన్‌లో, "పాస్‌పోర్ట్ నంబర్ పంపు" అన్నాడు. పాస్‌పోర్ట్ లేదన్నాను. "నాగరికత నంబర్ చెప్పు పోనీ" అన్నాడు. నాగరికత అంటే నేపాల్ పౌరసత్వ పత్రం. పదహారేళ్లు నిండితే తీసుకోవచ్చు. నాకు ఇరవై మూడు దాటాయి, అదీ లేదు. నా దగ్గరున్నదల్లా పదో తరగతి మెమో.

పౌరసత్వం కావాలంటే నాన్న పత్రం చూపిస్తే సరిపోదు. దగ్గరి బంధువు స్వయంగా వచ్చి అధికారి ముందు, "వీడు నా కొడుకే" అని సంతకం పెట్టాలి. దాన్ని సనాఖత్ అంటారు. నాన్న అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ సార్ దగ్గర ఇరవై రోజులు సెలవు అడిగాడు. ఆయన జీవితంలో అంత పెద్ద సెలవు అదే. బదులుగా మా బాబాయిని గేటు దగ్గర కూర్చోబెట్టి, 2023 మార్చిలో ఇద్దరం తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

ఢిల్లీ ఆనంద్ విహార్ నుంచి రాత్రి బస్సు, తెల్లారేసరికి బన్‌బసా. అక్కడ శారదా నది మీద 1928లో కట్టిన బ్యారేజీ ఉంది. అది దాటితే అవతల నేపాల్. నాన్న నడుము దగ్గర కట్టుకున్న 500 నోట్లు తీసి, కమీషన్ ఇచ్చుకుని, 100 నోట్లుగా మార్చాడు. వందకు మించిన ఇండియా నోటు నేపాల్‌లో అప్పుడు చెల్లదు. అక్కడ మన 100 అంటే వాళ్ల 160. ఫోన్‌లో గడియారం పావుగంట ముందుకు గెంతింది. "ఇదే మన దేశం" అన్నాడు నాన్న. నాకు మాత్రం ఏదో టూర్‌కి వచ్చినట్టే అనిపించింది, సిగ్గేసింది కూడా.

అత్తరియా, డడేల్‌ధురా, డోటీ మీదుగా సాంఫేబగర్ దాకా కొండ దారి. రెండుసార్లు వాంతులయ్యాయి. పక్క సీటు పెద్దాయన నాన్నని, "కాలాపహాడ్ నుంచా?" అని అడిగాడు. మా వైపు ఇండియాకి పనికి పోవడాన్ని కాలాపహాడ్ పోవడం అంటారు. ఆయన నాతో మాట కలిపితే నేను అచ్ఛామీలో జవాబిచ్చాను. నవ్వాడు. నా మాటలో అచ్ఛామ్ కంటే కూకట్‌పల్లే ఎక్కువ ఉందని నాకూ తెలుసు.

అసలు పేచీ వార్డు ఆఫీసులో. పౌరసత్వానికి ముందు వార్డు సిఫార్సు కావాలి, సిఫార్సుకి జనన నమోదు కావాలి. నమోదైతే ఉంది. ఎప్పుడో తాతయ్య వెళ్లి, నోటికొచ్చిన లెక్క చెప్పి రాయించాడట. నేపాల్‌లో నడిచేది విక్రమ సంవత్. మన క్యాలెండర్ కంటే దాదాపు 57 ఏళ్లు ముందుంటుంది, ఏడాది ఏప్రిల్ మధ్యలో మారుతుంది. తాతయ్య రాయించింది 2055 శ్రావణం. నా మెమోలో ఉన్నది 1999 ఆగస్టు, అంటే 2056 శ్రావణం. సరిగ్గా ఏడాది తేడా. అమ్మకి ఫోన్ చేశాం. "కార్గిల్ యుద్ధం జరిగిన ఏడాదిరా, మీ మామయ్య అప్పుడు గూర్ఖా పల్టన్‌లో ఉన్నాడు, నాకు బాగా గుర్తు" అంది. అంటే మెమోదే నిజం.

దిద్దించాలంటే మళ్లీ దరఖాస్తు, సాక్షులు, రుజువులు. నాన్న సెలవులో అప్పటికే తొమ్మిది రోజులు అయిపోయాయి. వార్డు ఆఫీసు అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాం. చివరికి 2055నే ఒప్పుకున్నాం. పాస్‌పోర్ట్‌లో పౌరసత్వంలోని తేదీయే పడుతుంది. కాబట్టి ఇకమీదట నేను 1998లో పుట్టినవాణ్ణి. టెన్త్ మెమో ఇంకెక్కడా చూపించలేను, అది నాకంటే ఏడాది చిన్నవాడిది. పదేళ్లు చదివిన చదువంతా ఆ ఒక్క కాగితంలో ఉంది. నాన్న దాన్ని మడవకుండా మళ్లీ ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు. 2055కి ఒప్పుకుని తప్పు చేశానా అని ఇప్పటికీ అనిపిస్తుంది. హైదరాబాద్‌లో నేపాలీ పిల్లలున్న వాళ్లెవరైనా ఇది చదివితే చెప్పేదొక్కటే: బడిలో రాయించే తేదీ, ఊళ్లో రాయించే తేదీ ముందే సరిచూసుకోండి.

తర్వాత మంగల్‌సేన్‌లో జిల్లా పరిపాలనా కార్యాలయం. మన కలెక్టరేట్ లాంటిది. ఫొటోలో రెండు చెవులూ కనపడాలి. నా జుట్టు చూసి ఫొటో స్టూడియో అతను దువ్వెన ఇచ్చాడు. కుడి బొటనవేలు, ఎడమ బొటనవేలు సిరాలో ముంచి ముద్రలు. ఫారమంతా దేవనాగరిలో. ఆరో తరగతి నుంచి హిందీ చెప్పిన సార్‌కి ఆ రోజు మనసులోనే దండం పెట్టుకున్నాను. నాన్నని లోపలికి పిలిచారు. "ఇతను ఎవరు?" అంటే నాన్న లేచి నిలబడి నా పేరు పూర్తిగా చెప్పాడు. మా నాన్న నోట నా పూర్తి పేరు వినడం అదే మొదటిసారి.

అప్పట్లో పాస్‌పోర్ట్ జిల్లాలో వేస్తే 5,000 నేపాలీ రూపాయలు, కానీ ఆగాలి. ఖాట్మండు త్రిపురేశ్వర్ ఆఫీసులో త్వరగా కావాలంటే 12,000. నాన్న అటు నుంచి అటే హైదరాబాద్ వెళ్లిపోయాడు. నేను ఒక రోజుకు పైగా బస్సులో కూర్చుని ఖాట్మండు చేరాను. అక్కడ నా నేపాలీ విని ఎక్కడివాడివని అడగనివాళ్లు లేరు.

మిగతాది చకచకా చెప్పేస్తాను, ఎందుకంటే అది నిజంగానే చకచకా అయింది. కతార్ వాళ్ల వీసా సెంటర్ ఖాట్మండులోనే ఉంది. వేలిముద్రలు, కళ్లు, రక్తం, ఎక్స్‌రే అన్నీ ఒకే చోట. కాంట్రాక్ట్ నేపాలీలో చూపించి చదువుకోమన్నారు: సెక్యూరిటీ గార్డు, నెలకు 1,200 రియాళ్లు, తిండికి 300, గది కంపెనీది. కతార్‌లో 2021 మార్చి నుంచి కనీస జీతం 1,000 రియాళ్లు. తిండి, గది ఇవ్వకపోతే వాటికి 300, 500 విడిగా కట్టాలి. ఈ లెక్క తెలిసి ఉంటే మంచిది, నాకు అన్నయ్య ముందే చెప్పాడు. తర్వాత రెండు రోజుల శిక్షణ, బీమా, సంక్షేమ నిధికి 1,500 నేపాలీ రూపాయలు, చివరికి శ్రమ స్వీకృతి. ఆ అనుమతి లేకుండా పనికి వెళ్లేవాణ్ణి ఖాట్మండు ఎయిర్‌పోర్ట్‌లో విమానం ఎక్కనివ్వరు.

ఒక్క చోట మాత్రం దెబ్బ తిన్నాను. గల్ఫ్ దేశాలకు, మలేషియాకు వెళ్లేవాళ్ల వీసా, టికెట్ ఖర్చు యజమానే పెట్టుకోవాలని నేపాల్ 2015లోనే రూల్ పెట్టింది. మ్యాన్‌పవర్ వాళ్లు, అంటే పనికి పంపే ఏజెన్సీలు, 10,000 నేపాలీ రూపాయలకు మించి తీసుకోకూడదు. నా దగ్గర ఏజెంటు 1,20,000 తీసుకుని 10,000కు రసీదు రాసిచ్చాడు. ఎవరైనా అడిగితే ఎంత చెప్పాలో కూడా నేర్పించాడు. శిక్షణలో మేడం, "ఎంత కట్టారు?" అని అడిగితే ముప్ఫై మందిమీ ఒకే గొంతుతో, "పది వేలు" అన్నాం. ఆవిడ తల కిందికి వేసుకుని రాసుకుంది.

ఆగస్టులో దోహాలో దిగాను. ఎండాకాలంలో అక్కడ ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా బయట ఎండలో పని నిషేధం. నాకేమో ఏసీ గేటు గది. నాన్న ఉద్యోగమే, మెట్లు మాత్రం లేవు.

సనయ్యా అంటే దోహా ఇండస్ట్రియల్ ఏరియా. అక్కడి క్యాంపులో రెండో వారం. మెస్‌లో ప్లేటు పట్టుకుని నిలబడ్డాను. వెనక ఇద్దరు.

"ఈ నేపాలోడు అన్నం మొత్తం వీడే పెట్టుకుంటుండు సూడు."

"పప్పు ఉడకలేదన్నా, అన్నమన్నా తినాలె గదా" అన్నాను.

కాసేపు నిశ్శబ్దం. తర్వాత పెద్దాయన, "నీకు తెలుగెట్లొచ్చుర?" అన్నాడు. ఆయనది జగిత్యాల దగ్గరి పల్లె. పదకొండేళ్లుగా గల్ఫ్‌లోనే ఉన్నాడు. కూకట్‌పల్లి అనగానే, "అరె, మనోడే" అని తన ప్లేటులోని మామిడికాయ తొక్కు తీసి నా అన్నంలో వేశాడు. ఆ రోజు నుంచి శుక్రవారాలు వాళ్ల గదిలోనే తింటాను. ఆ జగిత్యాల అన్న ఒకసారి నా ఐడీ కార్డు చూసి, "నేపాల్ అని రాసిండ్రు ఏంది?" అన్నాడు. పొద్దున్నుంచి రాత్రిదాకా చెప్పినా తరగని కథ అని నవ్వి ఊరుకున్నాను.

రెండేళ్లు గడిచాయి. కాంట్రాక్ట్ ప్రకారం సెలవు, టికెట్ రావాలి. కంపెనీ టికెట్ పాస్‌పోర్ట్ ఏ దేశానిదైతే ఆ దేశానికే. నాకు ఖాట్మండు. ఖాట్మండులో నాకెవరూ లేరు. అచ్ఛామ్‌లో ఉన్నది ఇంటి తాళం. దోహా నుంచి హైదరాబాద్‌కి నేరుగా నాలుగు గంటలు. ఖాట్మండులో దిగి బస్సు, బోర్డరు, రైలు పట్టుకుంటే నెల సెలవులో ఐదు రోజులు దారిలోనే పోతాయి.

ఆఫీసులో ఫిలిప్పీన్స్ ఆవిడ ఫారం ఇచ్చింది. "నువ్వు నేపాలీవి కదా, ఇండియాలో నీకేం పని?" అని అడిగింది. టికెట్ ధరలో తేడా ఉంటే నేనే కట్టుకుంటానని రాశాను. కారణం అన్న చోట అమ్మ, నాన్న అని రాశాను. ఫారం పైకి పంపించానంది. ఇంకా జవాబు రాలేదు.