7.5 స్కోరును ప్లాంటులో రెండో వరసలో పెట్టకండి

పీఎల్‌సీలు (యంత్రాలను నడిపే కంట్రోలర్లు), ఇండస్ట్రియల్ స్విచ్‌లు, ప్రొటెక్షన్ రిలేల (కరెంటు లైన్లను కాపాడే పరికరాల) మీద వచ్చే సెక్యూరిటీ అడ్వైజరీల్లో 7.5 అనే సీవీఎస్ఎస్ స్కోరు (లోపం తీవ్రతకి పదికి వేసే మార్కు) తరచూ కనిపిస్తుంది. నెట్‌వర్క్ మీంచి, పాస్‌వర్డ్ అక్కర్లేకుండా పరికరాన్ని ఆపేయొచ్చు, డేటా మాత్రం బయటికి పోదు అన్న లెక్కకి వచ్చే అంకె అది. ఆఫీసు ఐటీ వాళ్లు 9 దాటినవి ముందు చూసుకుని దీన్ని తర్వాతకి తోస్తారు. బొబ్బిలిలో ఫెర్రో అల్లాయ్ ఫర్నేసుకో, పైడిభీమవరంలో మందుల రియాక్టరుకో ఆ వరస పనికిరాదు. డేటా పోతే ఓర్చుకోవచ్చు, కంట్రోల్ పోతే ఎలా?

పరికరాన్ని ఇలా ఆపడానికి పెద్ద వరదలాంటి ట్రాఫిక్ కూడా అక్కర్లేదు. సీమెన్స్ సిప్రొటెక్ 4 రిలేల ఈఎన్100 మాడ్యూల్‌లో బయటపడ్డ లోపం (సీవీఈ-2015-5374) చూడండి. యూడీపీ 50000 పోర్టుకి 18 బైట్ల ప్యాకెట్ ఒకటి వెళ్తే రిలే పలకడం మానేస్తుంది, చేత్తో రీస్టార్ట్ చేయాల్సిందే. 2016 డిసెంబరులో ఉక్రెయిన్ సబ్‌స్టేషన్ మీద వాడిన ఇండస్ట్రోయర్ మాల్‌వేర్‌లో దీనికోసమే ఒక టూల్ ఉంది. సరిచేసిన ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) 2015లోనే వచ్చేసింది.

అందుకే స్విచ్‌లో స్టార్మ్ కంట్రోల్ పెట్టేశాం, ఇక భయం లేదనుకోవద్దు. అది కేబుళ్లు చుట్టు తిరిగి లూప్ పడినప్పుడు వచ్చే బ్రాడ్‌కాస్ట్ హోరును ఆపుతుంది గానీ ఒక్క చెడ్డ ప్యాకెట్‌ను పట్టదు. దాన్ని పట్టేది ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో రాసిన జాబితా, అంటే ఏసీఎల్. పీఎల్‌సీ ముందు డిన్ రైల్ (ప్యానెల్‌లో పరికరాలు బిగించే పట్టీ) మీద, 24 వోల్టుల సప్లైతో నడిచే చిన్న ఫైర్‌వాల్ పెట్టి, స్కాడా (ప్లాంటంతా గమనించే కంప్యూటర్), హెచ్ఎంఐల (ఆపరేటర్ తెరల) ఐపీలకు మాత్రమే, ఈ పరికరాలు మాట్లాడుకునే మోడ్‌బస్ భాష వాడే 502 పోర్టు తెరవండి. మోడ్‌బస్‌ను లోపలిదాకా చూడగల ఫైర్‌వాల్ అయితే ఫంక్షన్ కోడ్ (ఏం చేయాలో చెప్పే అంకె) 1 నుంచి 4 వరకు, అంటే చదవడం, స్కాడాకి చాలు. రాసే కోడ్‌లు 5, 6, 15, 16 హెచ్ఎంఐకి మాత్రమే. కోడ్ 8ని, అంటే పరికరాన్ని పరీక్షించేదాన్ని, పూర్తిగా మూసేయండి. అందులో సబ్‌ఫంక్షన్ 4 అందుకున్న పరికరం వింటూ ఉంటుంది గానీ జవాబివ్వదు. అది సీరియల్ లైన్ల కోసం పుట్టిందే అయినా, కొన్ని గేట్‌వేలు (సీరియల్ లైన్‌ను నెట్‌వర్క్‌కి కలిపే పెట్టెలు) టీసీపీ వైపు నుంచి వచ్చినదాన్ని అలాగే అవతలికి పంపేస్తాయి.

దాడి లేకుండానే ఆగే సందర్భాలూ ఉన్నాయి. పాత పీఎల్‌సీలు ఒకేసారి కొన్ని టీసీపీ కనెక్షన్లే పట్టుకోగలవు. హెచ్ఎంఐ, స్కాడా, హిస్టారియన్ (పాత రీడింగులు దాచే సర్వర్) తర్వాత ఎవరో ల్యాప్‌టాప్ తగిలిస్తే హెచ్ఎంఐ తెర మీద అంకెలు నిలిచిపోతాయి. కేబుల్ ఊడిన కనెక్షన్ టైమౌట్ అయ్యేదాకా చోటు వదలదు. కనెక్షన్లు చాలని చోట పీఎల్‌సీని ఒక్క ఓపీసీ సర్వరే (డేటా చదివి అందరికీ పంచేది) చదవాలి, మిగతావాళ్లంతా దాన్ని అడగాలి. పరికరాల లెక్క తీయడానికి ఎన్‌మ్యాప్ (నెట్‌వర్క్ స్కానర్) నడపడం ఇంకో ప్రమాదం. ఆ స్కానుకే పడిపోయే కార్డులున్నాయి. స్విచ్ మ్యాక్ టేబుల్ (ఏ పోర్టు మీద ఏ పరికరం ఉందో చూపే పట్టిక) చూస్తే ఆ పని అయిపోతుంది.

బయటి దారి సంగతి చెప్పక్కర్లేదు: పోర్ట్ ఫార్వార్డింగ్, పబ్లిక్ ఐపీ ఉన్న 4జీ రౌటర్ తీసేయండి, వెండర్ లోపలికి రావాల్సింది వీపీఎన్ ద్వారానే, అదీ పని ఉన్నప్పుడే.

ఫర్మ్‌వేర్ మార్చేది షట్‌డౌన్‌లోనే. ముందు అదే మోడల్ స్పేర్ మీద వేసి చూడండి, ఎందుకంటే కొన్ని అప్‌డేట్లు సెట్టింగులను ఫ్యాక్టరీ స్థితికి తీసుకుపోతాయి. కాన్ఫిగరేషన్ బ్యాకప్, కన్సోల్ కేబుల్ పక్కనుండాలి, ప్యానెల్ యూపీఎస్ మీద ఉండాలి. మధ్యలో కరెంటు పోతే ఆ స్విచ్ మళ్లీ లేవకపోవచ్చు.

ఇవన్నీ చేసినా కమ్యూనికేషన్ పోవచ్చు. కాబట్టి ఫర్నేసు కూలింగ్ వాటర్ తగ్గితే ట్రిప్ అయ్యే ఇంటర్‌లాక్ వైరుతోనే నేరుగా ఉండాలి, నెట్‌వర్క్ మీద ఆధారపడకూడదు. దీనిమీద బేరం లేదు.

పింగ్ వస్తోంది కదా అని ఊరుకోకండి. మోడ్‌బస్ చచ్చినా పింగ్‌కి జవాబు వస్తూనే ఉండొచ్చు. 30 సెకన్లకోసారి ఒక రిజిస్టర్ చదివి, మూడుసార్లు రాకపోతే అలారం మోగించండి. స్కాడా మీద దాడి తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కి (దేశ సైబర్ భద్రతా సంస్థకి) చెప్పాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని 2022 ఏప్రిల్ ఆదేశం. గాలివానలకి కరెంటు పోయి వచ్చాక బ్యాటరీ లేని కొన్ని స్విచ్‌ల గడియారం 1970కి పోతుంది. ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీంచి గడియారం సరిచేసుకునే పద్ధతి) పెట్టకపోతే ఆ లాగ్‌లో ఏది ముందు జరిగిందో ఎవరూ తేల్చలేరు.