శ్రీలంక రోడ్ల మీద మన చేతి స్టీరింగ్: నా అనుభవం

శ్రీలంక వెళ్లాలన్న ఆలోచన మా ఇంట్లో చాలా కాలంగా ఉన్నదే గానీ, అక్కడ అద్దె కారు తీసుకుని నేనే నడుపుతానని చెప్పినప్పుడు నా భార్య వెంటనే ఒప్పుకోలేదు. డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోవడం ఆ దేశంలో సర్వసాధారణం, ఖర్చులో కూడా చెప్పుకోదగ్గ తేడా ఉండదు. అయినా నచ్చిన చోట ఆగే స్వేచ్ఛ మన చేతిలోనే ఉండాలన్నది నా పట్టుదల. అక్కడా వాహనాలు ఎడమ వైపే నడుస్తాయి, స్టీరింగ్ కుడి వైపే ఉంటుంది, చివరికి గడియారం ముల్లు కూడా మార్చుకోనక్కరలేదు కాబట్టి ఇంతకంటే సులువైన పరదేశం మనకు దొరకదని వాదించి నెగ్గాను. రోడ్డు సులువైనదే కావచ్చు, రోడ్డెక్కే ముందు జరిగే తతంగం మాత్రం అంత సులువు కాదని ఆ తరువాత రెండు నెలల్లో తెలిసివచ్చింది.

సొంత కారునే తీసుకువెళ్లే మార్గం ఉందేమోనని మొదట విచారించాను. నాగపట్నం నుంచి జాఫ్నా దగ్గరి కంకేసంతురైకి నడిచే ఓడ ప్రయాణికులను మాత్రమే తీసుకువెళుతుంది కనుక ఆ ఆశ ఒక్క సాయంత్రంలోనే తీరిపోయింది.

తరువాతిది లైసెన్సు వ్యవహారం. మన ఆర్‌టీఏ కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కోసం స్లాట్ తీసుకుని, ఫారం 4ఎ నింపి, పాస్‌పోర్టు, లైసెన్సుల నకళ్లు జతచేసి, 1000 రూపాయల రుసుముతో పాటు సర్వీసు చార్జీ కట్టాను. ఏడాది చెల్లుబాటు ఉన్న ఆ పుస్తకం చేతికి వచ్చినప్పుడు ఇక లంకను గెలిచినట్టే అనుకున్నాను. అయితే అద్దె సంస్థ వారు పంపిన మొదటి జవాబులోనే అది సగం పని మాత్రమేనని ఉంది. మన పర్మిట్‌ను అక్కడి ఆటోమొబైల్ అసోసియేషన్ ఆఫ్ సిలోన్ వారు చూసి దానికి గుర్తింపు పత్రం ఇవ్వాలి, లేదా అక్కడి మోటారు వాహనాల శాఖ నుంచి తాత్కాలిక లైసెన్సు తెచ్చుకోవాలి. ఈ రెంటిలో ఒకటి లేకుండా నడిపితే పోలీసులతో చిక్కు సంగతి అలా ఉంచి, ప్రమాదం జరిగినప్పుడు బీమా వర్తించకుండా పోయే అవకాశం ఉంది. భయపడవలసింది దీనికి. కొన్ని అద్దె సంస్థలు స్కాన్ కాపీలు పంపితే ఆ పత్రాన్ని తామే తెచ్చిపెడతామంటాయి. నా పాస్‌పోర్టు, లైసెన్సుల నకళ్లు ముక్కూమొహం తెలియని వారి చేతుల్లో తిరగడం ఇష్టంలేక కొలంబో వెళ్లి నేనే తెచ్చుకుంటానని రాశాను. ఆ మొండితనానికి మూల్యం తరువాత చెల్లించాను.

టికెట్లు కొన్న రోజు సంగతి ఇక్కడ చెప్పాలి. 2025 ఫిబ్రవరి 11 రాత్రికి కొలంబో చేరేలా, 12న పత్రం తీసుకుని ఆ మధ్యాహ్నమే సిగిరియకు బయలుదేరేలా లెక్క వేసుకున్నాను. మాతో వస్తున్న అమ్మ ఆ తేదీ విని, "పన్నెండో తారీకు మాఘ పౌర్ణమి కదరా, ఆ పూట నాకు ఉపవాసం" అంది. సరేలే అమ్మా, అక్కడా పళ్లు దొరుకుతాయి అని చెప్పి టికెట్లు కొనేశాను. శ్రీలంకలో ప్రతి పౌర్ణమీ, అంటే వారు పోయ అని పిలిచే రోజు, ప్రభుత్వ సెలవు దినం. కార్యాలయాలు తెరవరు, మద్యం అమ్మరు, జనమంతా బౌద్ధ ఆలయాల దారి పడతారు. అద్దె సంస్థలోని కుర్రవాడు ఒక వాక్యంలో ఈ సంగతి రాసి పంపేసరికి విమాన టికెట్లు మార్చుకునే వీలు దాటిపోయింది. గోడకు వేలాడే క్యాలెండరులో ఆ చదరంలో నిండు చంద్రుడి బొమ్మ కనిపిస్తూనే ఉంది.

అలా ఒక రోజు పోవడంతో ప్రణాళిక మొత్తం విప్పి మళ్లీ కట్టవలసి వచ్చింది. ఇప్పుడు చూస్తే అదే మేలు చేసింది. నా మొదటి పటంలో ఎనిమిది రోజుల్లో అనురాధపురం, జాఫ్నా, ట్రింకోమలీ, క్యాండీ, నువర ఎలియ, ఎల్ల, గాలే అన్నీ ఉండేవి. దేశం వైశాల్యం సుమారు 65,610 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో సగానికి కొంచెం ఎక్కువ. ఆ ధైర్యంతో మన జాతీయ రహదారుల మీద గంటకు ఎనభై కిలోమీటర్లు వేసుకునే అలవాటునే అక్కడా వాడాను. కానీ అక్కడ ఊళ్లలో 50, ఊళ్ల వెలుపల 70, ఎక్స్‌ప్రెస్‌వేల మీద 100 వేగ పరిమితి, పైగా ఊరికీ ఊరికీ మధ్య ఎడం తక్కువ. క్యాండీ నుంచి నువర ఎలియకు ఉన్నది 80 కిలోమీటర్ల లోపే అయినా, సుమారు 500 మీటర్ల ఎత్తు నుంచి 1868 మీటర్లకు ఎక్కే ఆ దారికి మూడు గంటలు కేటాయించాలి. అప్పటి నుంచి కాగితం మీద కిలోమీటర్లన్నీ కొట్టేసి గంటలు రాసుకున్నాను. రోజుకు నాలుగు గంటలకు మించి స్టీరింగ్ పట్టకూడదని నియమం పెట్టుకున్నాను. ఆ నియమానికి జాఫ్నా, ట్రింకోమలీ, అనురాధపురం మూడూ బలయ్యాయి. ట్రింకోమలీ విషయంలో బాధపడలేదు. తూర్పు తీరానికి ఈశాన్య రుతుపవనాల తడి ఫిబ్రవరి దాకా మిగిలే ఉంటుంది, అటు మే నుంచి సెప్టెంబరు వరకు బాగుంటుంది.

పౌర్ణమి నాడు విమానాశ్రయానికి దగ్గరి నెగొంబోలోనే ఉండిపోయి, 13న కొలంబో వెళ్లాను. పాస్‌పోర్టు, రెండు లైసెన్సులు, ఫోటోలు ఇచ్చి రుసుము కట్టాక పత్రం చేతికి రావడానికి గంట కూడా పట్టలేదు. దాని కోసం రానుపోను పట్టిన సమయం మాత్రం సగం రోజు. (మేము తిరిగి వచ్చిన కొన్ని నెలలకు, 2025 ఆగస్టులో, విదేశీయులకు తాత్కాలిక లైసెన్సు ఇచ్చే కౌంటర్‌ను మేము దిగిన కటునాయక విమానాశ్రయంలోనే తెరిచారు. మా వంతు వచ్చినప్పుడు లేనిది ఆ తరువాత రావడం మా ఇంటి ఆనవాయితీ.)

ఆ సాయంత్రం కారు వచ్చింది. తెచ్చిన వ్యక్తి సంతకం చేయమని కాగితం చాపాడు గానీ, నేను ముందు ఫోనులో వీడియో తీస్తూ కారు చుట్టూ తిరిగాను. ఎడమ వెనుక తలుపు అంచున వేలిగోరంత గీత, ముందు బంపరు కింద రాచుకుపోయిన చోటు, ఒక చక్రం మూతలో పగులు కనిపించాయి. మూడింటినీ అతని చేతే కాగితంలో రాయించాను. స్పేరు టైరు, జాకీ, అద్దం మీది రెవెన్యూ లైసెన్సు (ఏటా కట్టే వాహన పన్ను చీటీ) తేదీ, బీమా కాగితం చూసుకున్నాను. రోజుకు 100 కిలోమీటర్ల చొప్పున పరిమితి, దాటితే కిలోమీటరుకు ఇంత అని అదనం ఉంటుందన్న షరతును మరొకసారి చదివి, అప్పుడు సంతకం చేశాను. 2022 ఆర్థిక సంక్షోభంలో పెట్రోలుకు క్యూఆర్ కోడ్ కోటా పెట్టిన సంగతి విని ఉండటం వల్ల దాని గురించి అడిగితే, అది 2023లోనే ఎత్తేశారని అతను నవ్వాడు.

మొదటి రోజు కురునెగల దాటాక ఒక చిన్న ఊరిలో నాకు గట్టి పాఠం తగిలింది. జీబ్రా గీతల దగ్గర గొడుగు పట్టుకున్న ఒక పెద్దావిడ నిలబడి ఉంది. మన అలవాటు ప్రకారం ఆవిడ ఆగుతుందని నేను కొంచెం వేగం తగ్గించి ముందుకే పోతున్నాను. ఆవిడ నా వైపు చూడనైనా చూడకుండా అడుగు వేసేసింది. ఎదురుగా వస్తున్న బస్సు అప్పటికే ఆగి ఉంది. నేను బ్రేకు తొక్కితే వెనుక సీట్లో అమ్మ ఒడిలోని అరటిపళ్లు కింద పడ్డాయి. అక్కడ ఆ గీతల మీద నడిచేవారిదే హక్కు, వాహనం ఆగి తీరుతుందన్న నమ్మకంతోనే దిగుతారు. అదే దేశంలో ప్రైవేటు బస్సులు మలుపుల మీద కూడా దాటుకుంటూ పోతాయి. వాటికి దారి వదిలి ఎడమకు తప్పుకోవడం తప్ప వేరే ఉపాయం లేదు. హబరణ, సిగిరియ పరిసరాల్లో చీకటి పడితే ఏనుగులు రోడ్డు మీదికి వస్తాయి కనుక సాయంత్రం ఐదున్నరకల్లా బసకు చేరేలా చూసుకున్నాం.

దారి పలకల మీద సింహళం, తమిళం, ఇంగ్లీషు మూడూ ఉంటాయి. ఆ సింహళ అక్షరాల గుండ్రదనం చూస్తే చదివేయగలమనిపిస్తుంది, దగ్గరికి వెళితే ఒక్కటీ అంతుపట్టదు. క్యాండీని 1739 నుంచి 1815 వరకు ఏలిన నాయకర్ రాజులు తెలుగు మూలాలున్న వారేనని చెబితే, "అయితే మనవాళ్లే" అని అమ్మ ఆ ఊరిని వెంటనే సొంతం చేసుకుంది.

క్యాండీ నుంచి గంపొల, పుస్సెల్లావ, రంబోడ మీదుగా ఎక్కే ఏ5 రోడ్డు కోసమే ఈ యాత్ర అని నా అభిప్రాయం. రంబోడ దగ్గర జలపాతం ఒక మలుపులో ఎడమన కనిపించి, మరో మలుపులో కుడికి మారి, పైకెళ్లాక కిందికి దిగిపోతుంది. తేయాకు తోటల్లో రంగు రంగుల చీరలు మాత్రమే కదులుతుంటాయి. నువర ఎలియ దాటిన కొద్దిసేపటికే సీత ఎలియలో రోడ్డు పక్కనే సీతమ్మ గుడి ఉంది. హనుమంతుడి అడుగులని చెప్పే గుంటలున్న బండ మీద, వాగు చప్పుడు వింటూ అమ్మ అరగంట కూర్చుంది. నా పాత ప్రణాళికలో ఆ గుడికి పది నిమిషాలు రాసి ఉంది.

ఎల్ల నుంచి వెల్లవాయకు దిగే దారి అందంలో తక్కువ కాదు, ప్రమాదంలోనూ తక్కువ కాదు. రావణ జలపాతం రోడ్డు అంచుకే ఉండటంతో వాహనాలన్నీ అక్కడ గుమిగూడతాయి. బ్రేకుల మీదే ఆధారపడకుండా, ఆటోమేటిక్ కారు అయినా గేరును కిందికి మార్చుకుని దిగాను. 2025 నవంబరు చివర వచ్చిన దిత్వా తుఫాను ఈ కొండ ప్రాంతాన్ని తీవ్రంగా దెబ్బతీసింది కాబట్టి ఇప్పుడు వెళ్లేవారు ఏ రోడ్డు తెరిచి ఉందో బయలుదేరే రోజు ఉదయం బసలోనే అడగడం అవసరం.

హంబన్‌తోట దగ్గర ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాక దేశం స్వరూపమే మారిపోయినట్టు అనిపించింది. ఎక్కేటప్పుడు చీటీ ఇస్తారు, దిగేటప్పుడు దూరాన్ని బట్టి టోల్ తీసుకుంటారు. గాలే కోటలో చివరి రెండు రాత్రులు గడిపి, కొలంబో నగరంలోకి దిగకుండానే ఎక్స్‌ప్రెస్‌వేల మీదుగా కటునాయక చేరుకున్నాం. పోలీసులు మమ్మల్ని ఒక్కసారే ఆపారు. గుర్తింపు పత్రం చూసి, పాస్‌పోర్టు అడగకుండానే పొమ్మన్నారు. జరిమానా పడితే అప్పట్లో కాగితం తీసుకుని తపాలా కార్యాలయంలో కట్టాలే తప్ప రోడ్డు మీద నగదు ఇవ్వకూడదని ముందే తెలుసుకున్నాను గానీ ఆ అవసరం రాలేదు.

విమానాశ్రయం బయట కారు అప్పగించినప్పుడు ఆ వ్యక్తి బంపరు కింద చూపించి ఏదో అనబోయాడు. కారు తీసుకున్నప్పటి వీడియో చూపించాను, అతను తల ఊపాడు. మీటరు ప్రకారం పరిమితికి 46 కిలోమీటర్లు ఎక్కువయ్యాయి. వాటికి డబ్బు కట్టి రసీదు తీసుకున్నాను.