పంటు దాటితే తొక్కినట్టు కాదట

నిద్ర పట్టడం లేదు. ఉప్పాడ నుంచి చీరాల దాకా సముద్రం పక్కన సైకిళ్ళ మీద పోతున్నాం, అయినా కాళ్ళ నొప్పుల వల్ల కాదు, వాటికి అలవాటు పడ్డాను. పక్క మంచం మీద మా అక్క కొడుకు చంటిగాడు ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. సాయంత్రం వాడన్న మాట మాత్రం నన్ను పడుకోనివ్వడం లేదు. "అయితే నువ్వు మొత్తం తొక్కినట్టు కాదుగా పిన్నీ" అన్నాడు, ఇడ్లీ తుంచి చట్నీలో ముంచుకుంటూ, చాలా మామూలుగా. అక్కడితో ఊరుకోలేదు. ఇంటి వాట్సాప్ గ్రూపులో రోజూ పెట్టే లెక్కలో నా పేరు పక్కన బ్రాకెట్లో "పంటు" అని రాశాడు. పంటంటే మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవ. మావారు దానికి బొటనవేలు గుర్తు పెట్టారు. ఏం చూసి పెట్టారో!

ఈ రాత్రి నరసాపురంలో ఉన్నాం. పొద్దున మంచు ఇంకా విడవకముందే అమలాపురంలో బయల్దేరాం. బోడసకుర్రు దగ్గర గోదావరి పాయ వైనతేయ దాటి పాశర్లపూడి, తాటిపాక మీదుగా రాజోలు చేరేదాకా ఇద్దరం కలిసే తొక్కాం. గొడవంతా రాజోల్లో మొదలైంది. హైవేనే పట్టుకుని పోతే శివకోడు, దిండి దాటి చించినాడ వంతెన మీదుగా ఇంకో పాయ వశిష్ఠ అవతలికి వెళ్ళి, పాలకొల్లు వైపు నుంచి నరసాపురం రావచ్చు. లేదంటే మలికిపురం మీదుగా సఖినేటిపల్లి రేవుకు వెళ్ళి, పంటెక్కితే సరిగ్గా నరసాపురంలోనే దిగుతాం. నేను ఉప్పాడలో సైకిలెక్కిన నాటి నుంచి ఈ రేవు కోసమే ఎదురుచూస్తున్నాను. వాడేమో ససేమిరా అన్నాడు. ఫోన్లో యాప్ గీసే ఎర్రగీత ఉప్పాడ నుంచి చీరాల దాకా ఎక్కడా తెగకూడదట. పంటు మీద చక్రం తిరగదు కాబట్టి ఆ ముక్క లెక్కలోకి రాదట. "పోనీ ఆ కాసేపు ఆపెయ్యరా దాన్ని" అన్నాను. "ఆపితే ఇంకేముంది పిన్నీ, అక్కడ తెగిపోయినట్టేగా" అన్నాడు. చివరికి వాడు వంతెన వైపు, నేను రేవు వైపు.

దారి పొడుగునా ఇదే వరస. పాశర్లపూడి దాటుతున్నప్పుడు, 1995 జనవరిలో ఇక్కడే గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండిందిరా, నువ్వు అప్పటికి పుట్టలేదు అని చెబుతున్నాను. వాడు ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తుడుచుకుంటూ సగటు వేగం ఎందుకు తగ్గిందా అని చూసుకుంటున్నాడు. తగ్గదా మరి? దారిలో కొబ్బరికాయలు దింపుతుంటే ఆగాం కదా. ఒకాయన మోకు కట్టుకుని చెట్టెక్కి గెలలు కోసి వదులుతుంటే, కింద ఒకావిడ దూరంగా నిలబడి అవి పడ్డ చోటల్లా గుర్తు పెట్టుకుంటోంది. గడ్డిలోకి దొర్లిపోయిన కాయను కూడా తడుముకోకుండా నేరుగా వెళ్ళి తీసుకొచ్చింది. నాకు అక్కడే కూచుని చూడాలనిపించింది. "పిన్నీ, బాడీ చల్లబడిపోతుంది, పద" అన్నాడు.

ఒక్క వాణ్ణే అనడం దేనికి? అందరూ అంతే. తాటిపాకలో టీ తాగుతుంటే ఒకాయన దగ్గరికొచ్చి, ఏ సంస్థ తరఫునండీ అని అడిగారు. ఎవరి తరఫునా కాదండీ, ఊరికే తొక్కుతున్నాం అంటే నమ్మలేదు. పర్యావరణమా, రక్తదానమా అని గుచ్చిగుచ్చి అడిగారు. బ్యానర్ ఉంటే ఫోటో తీసి పేపరుకు పంపిస్తానన్నారు. మంచి మనిషే, టీ డబ్బులు కూడా ఇవ్వనివ్వలేదు. కానీ యాభైకి దగ్గర పడుతున్న ఆడమనిషి సైకిల్ మీద సముద్రం పక్కన పోవాలంటే ఎవరికో ఒకరికి ఏదో ఒక సందేశం మోసుకెళ్ళాలా? సముద్రం పక్కన పోవాలని ఉంది, పోతున్నాను. ఇది చాలదా? ఇంట్లోనూ అంతే. మావారు రోజూ రాత్రి ఫోన్ చేసి ముందడిగేది "ఎన్ని కిలోమీటర్లయింది?" అనే. ఏం తిన్నావు, ఏం చూశావు అన్నవి తర్వాత. అవి అడిగేసరికి ఆయనకు ఆవలింతలు వస్తుంటాయి, మీకు తెలియంది ఏముంది!

పంటు సంగతి చెప్పాలి. మలికిపురం దాటాక గాలి వీపు మీదకొచ్చింది. సంక్రాంతి దాటాక ఈ ప్రయాణం పెట్టుకున్నదే ఇందుకు. నవంబరు తుపాన్ల భయం పోతుంది, ఎండలింకా ముదరవు, ఈశాన్యగాలి వెనక నుంచి తోస్తూ ఉంటుంది. వేసవిలో ఇదే దారిలో వస్తే దక్షిణపు గాలి మొహం మీద కొట్టి ఉసూరుమనిపిస్తుంది. రేవులో ఆటోలు, మోటారు సైకిళ్ళు, ఒక కారు, గడ్డిమోపుతో ఒక తాత. నా సైకిల్‌ని ఎక్కిస్తుంటే పంటు కుర్రాడు ముందు చక్రం పట్టుకుని, "సీటు మీద సెయ్యేసి ఉంచండమ్మా, స్టాండుని నమ్మకండి" అన్నాడు. ఒడ్డు వదలగానే కాళ్ళ కింద ఇనప పలక సన్నగా అదరడం మొదలైంది. ఆ అదురు చక్రంలోకి, చక్రంలోంచి సీటులోకి, సీటు మీద ఉన్న నా అరచేతిలోకి వచ్చింది. అంతే, ప్రాణం లేచొచ్చింది. కాసేపే. అవతలి ఒడ్డు వచ్చేసింది.

సీటు మీద చెయ్యేసి ఉంచమన్న ఆ మాట, అచ్చం నాన్న మాట. నాన్న మురమళ్ళ బళ్ళో మేష్టారని మీకు తెలుసు. మేం తాళ్ళరేవులో ఉండేవాళ్ళం, మధ్యలో గోదావరి పాయ గౌతమి. అప్పట్లో యానాం నుంచి ఎదుర్లంకకు పంటే దిక్కు. రోజూ పొద్దున ప్యాంటుకు క్లిప్పు పెట్టుకుని, క్యారియర్ మీద పాత ట్యూబు ముక్కతో అన్నం కేరేజీ బిగించి, సైకిల్ మీద యానాం రేవుకు వెళ్ళి, సైకిల్‌తో సహా పంటెక్కేవారు. సెలవుల్లో నన్నూ ముందు కడ్డీ మీద కూచోబెట్టుకుని తీసుకెళ్ళేవారు. పంటు మీద మాత్రం దింపేసి, సీటు మీద నా చెయ్యి పెట్టి, దాని మీద తన చెయ్యి వేసేవారు. ఈ పూటంతా నా బుర్రలో నడుస్తున్నది అదే. అందుకే చంటి మాటకు అంత మంట పుట్టింది. నాన్న ఉద్యోగమంతా ఆ రేవు దాటి చేసిందే. ఆయన తొక్కినట్టు కాదా? ఆ లెక్కన ఆయన ఏనాడూ బడికి సైకిల్ మీద వెళ్ళినట్టే కాదన్నమాట.

ఇంతవరకు రాసి లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను. మధ్యాహ్నం పంటు మీద నా పక్కన నిలబడ్డ ఆవిడ గుర్తొచ్చింది. చంకలో జ్వరంతో పిల్ల, నరసాపురం ఆసుపత్రికి తీసుకెళ్తోంది. చాలా బాగుంది కదండీ ఈ ప్రయాణం అన్నాను నేను. ఆవిడ నవ్వింది. "మీకు సరదాగానే ఉంటాదండి. మాకు రోజూ ఉండేదే కదండీ. వరదొచ్చిందంటే పంటు ఆపేత్తారు. రాత్రేళ ఒంట్లో బాగోకపోతే చించినాడ చుట్టు తిరిగి రావాలండి" అంది. ఇక్కడ వంతెన కోసం జనం ఎన్నో ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు, శంకుస్థాపనలు కూడా ఒకటికి మించి జరిగాయి. అవతల ఊరు కంటికి కనబడుతూనే ఉంటుంది.

నాన్న కథలోనూ ఇంకో ముక్క ఉంది. దాన్ని నేనెప్పుడూ ముందు తలుచుకోను. నాయనమ్మ ముమ్మిడివరంలో బాబాయి దగ్గర ఉండేది. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక శ్రావణమాసం రాత్రి, తొమ్మిది దాటాక, ఎదురింటి వాళ్ళ ఫోన్‌కు కబురొచ్చింది, ఆవిడకు ఆయాసం ఎక్కువైందని. గౌతమి ఎర్రనీటితో పోటెత్తి ఉంది. నాన్న వానలో సైకిలేసుకుని యానాం రేవుకు వెళ్ళారు. పంటు ఎప్పుడో కట్టేశారు. ఆ నీటిలో పడవ విప్పడానికి ఎవరూ ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే న్యాయం. రోడ్డు మీద పోవాలంటే జొన్నాడ దగ్గర నది దాటి, రావులపాలెం మీదుగా మొత్తం చుట్టి రావాలి. ఆ వేళప్పుడు ఏ బండి దొరుకుతుంది? తెల్లవార్లూ రేవులోనే ఉండిపోయారు. పొద్దున పడవ మీద వెళ్ళేసరికి నాయనమ్మను అరుగు మీదకు తెచ్చేశారు.

2002లో యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన వచ్చింది. ఎదుర్లంకలోనే పుట్టి, లోక్‌సభ స్పీకరుగా ఉండగా ఆ ఏడాది మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన బాలయోగి పేరు దానికి పెట్టారు. అప్పటికి నాన్న రిటైరయ్యారు. అయినా సైకిల్ తీసి ఆ కొస నుంచి ఈ కొసకు, మళ్ళీ వెనక్కు తొక్కుకుని వచ్చారు. ఇంట్లోకి వస్తూనే అమ్మతో అన్నారు, "పది నిమిషాలు పట్టలేదే" అని. ఇంకేమీ అనలేదు. భోజనం కూడా చేయకుండా పడుకున్నారు.

కాబట్టి పంటా వంతెనా అని నాన్నను అడిగితే వంతెనే అంటారు, ఆలోచించకుండా. ఈ ఊరికి అది రేపొచ్చినా నేను సంతోషిస్తాను. పంటు మీద నాకున్న ఇష్టం కోసం జ్వరం వచ్చిన పిల్లలు రేవులో కాచుకోనక్కర్లేదు. మధ్యాహ్నం ఇద్దరిలో సరైన దారి పట్టింది చంటిగాడేనేమో అని కూడా అనిపిస్తోంది ఇప్పుడు.

కానీ వాడు పట్టింది అందుకు కాదుగా! లెక్క కోసం పట్టాడు. ఆ లెక్క దగ్గర మాత్రం నేను తగ్గను. ఆంధ్ర తీరం పొడవు 974 కిలోమీటర్లని చిన్నప్పటి నుంచి బట్టీ పట్టాం. ఈమధ్య కేంద్రం మళ్ళీ కొలిపించి 1,053 అంది. దేశం మొత్తం మీద తీరం 7,516 నుంచి 11,098కి పెరిగింది. సముద్రం కొత్తగా వచ్చి చేరలేదు. మలుపులనూ, పాయల నోళ్ళనూ దగ్గరగా చూసి కొలిచారు, అంకె పెరిగింది. అసలు మేం బయల్దేరిన ఉప్పాడలోనే చూడండి, సముద్రం ఏటేటా ఊరిని కోసుకుపోతోంది. అల వచ్చి రోడ్డు మీద పడకుండా బండరాళ్ళు పేర్చుకుంటూ పోతున్నారు. నాన్న కాలంలో తొక్కిన దారి ఇప్పుడు నీళ్ళలో ఉంది. ఇలాంటి తీరం వెంట తెగని గీత గీయాలనుకోవడమేమిటి? నది అడ్డొస్తే నది దాటే పద్ధతిలో దాటాలి. గోదావరి సముద్రంలో కలిసే చోట నీళ్ళ మీద నుంచి పోవడం కూడా తీరం వెంట పోవడమే.

ఇది రేపు వాడికి గట్టిగా చెప్పాలని మాటలు కూడబలుక్కుంటున్నాను. ఇంతలో వాడి ఫోన్ వెలిగింది. కోచింగ్ వాళ్ళ మెసేజీ. వాడి సంగతి మీకు తెలుసు. గ్రూప్స్ అని మొదలుపెట్టాడు, పరీక్ష వాయిదా పడింది, రాశాక ఫలితాలు ఆగాయి, మధ్యలో చేరిన ఉద్యోగం మూడు నెలలకే మూతపడింది. అక్క దగ్గర ఆ మాటెత్తితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. వాడు చేతులారా మొదలుపెట్టి, ఎవరూ వాయిదా వేయకుండా, కొస దాకా చేయగలిగింది ఈమధ్య కాలంలో ఈ గీత ఒక్కటే. రాజోల్లో ఆ గీత కోసం వాడు అంత మొండికేసింది ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది. వాడి గీత జోలికి నేను వెళ్ళను. పులిగడ్డ దగ్గర కృష్ణకు ఎలాగూ వంతెన ఉంది, అక్కడ మళ్ళీ ఈ తగువు రాదు.

నా పేరు పక్కన ఆ బ్రాకెట్ మాత్రం తీయిస్తాను. మావారితో కూడా మాట్లాడాలి ఆ బొటనవేలు గురించి.

పన్నెండు దాటింది. వెనక చక్రంలో గాలి తగ్గినట్టుంది, పొద్దున కొట్టాలి. రేపు లోసరి దగ్గర ఉప్పుటేరు దాటి, కృత్తివెన్ను మీదుగా బందరు వైపు. అటంతా రొయ్యల చెరువులే, నీడ తక్కువ, లారీలెక్కువ అని లాడ్జి కుర్రాడు చెప్పాడు, పెందలాడే కదలాలి. పెడనలో కలంకారీ అద్దేవాళ్ళ దగ్గర ఆగాలని నా కోరిక. చెక్క అచ్చును రంగులో అద్ది గుడ్డ మీద వేసి పిడికిలితో ఒక్కటి గుద్దుతారట, ఆ దెబ్బ సరిగ్గా పడితేనే గీతకు గీత కలుస్తుందట. అది దగ్గరగా నిలబడి చూడాలి. సగటు వేగం పడిపోతుందని వీడు గోల పెడతాడు. పెట్టనీ. ఆగుతాం.