సందేహంతోనే శ్రమకాలం

శ్రమకాలం అంటే ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు ఉపవాస ప్రార్థనల్లో గడిపే 40 రోజులు (లెంట్). అది మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా లెక్కేస్తే 46 రోజులు. ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40. ఆదివారం ఉపవాసం ఉండదు, ఆ సంగతి చాలామంది మర్చిపోతారు. నల్లగొండ, పాలమూరు ఎండల్లో నీళ్లు కూడా మానేస్తే మధ్యాహ్నానికే తల తిరుగుతుంది, ఇక ప్రార్థన ఎక్కడిది? నీళ్లు తాగండి. సాయంత్రం జొన్న అంబలితో ఉపవాసం విడవండి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా పూట మానొద్దు.

మరి నమ్మకమే సడలితే? బలవంతంగా స్తుతి పాట ఎత్తుకోవడం నాకైతే నచ్చదు. బైబిల్లో 13వ కీర్తన 6 వచనాలే. ‘ఎంతవరకు’ అని నిలదీస్తూ మొదలై స్తుతిలో ముగుస్తుంది. 88వ కీర్తన అలా కాదు, 18వ వచనం దాకా చదివినా చీకట్లోనే ఆగుతుంది. స్తుతి రాని రోజు అదే నిదానంగా, పైకి చదవండి. ఇదేం ప్రార్థన అని ఎవరైనా అడిగితే మార్కు సువార్త 9:24 చూపించండి: ‘నమ్ముతున్నాను, నా అపనమ్మకం పోయేలా సాయం చెయ్యి’ అని ఒక తండ్రి యేసును వేడుకున్న మాట అది.